మేడ మీది ఆరు కంప్యూటర్లు

"స్విచ్ ఎయ్యంగనే తెలుగు రావాలె టీచర్. నడుమ ఎవరూ ఏ బటనూ ముట్టొద్దు. గట్ల అయితే కంప్యూటర్లు ఉంటయి, మీరే కంప్యూటర్ టీచర్. లేకుంటే సోమవారం పదింటికి పాత సామాను కొనే కబాడీ బండి వస్తది."

శుక్రవారం సాయంత్రం తాళాల గుత్తి బల్ల మీద పెడుతూ విమలాదేవి అన్న మాట ఇది. ఆమె బేగంబజార్‌లో ఇత్తడి సామాను అమ్మే ఇంటి కోడలు. మామగారు ఛత్రినాక సందులో పెట్టిన తెలుగు మీడియం బడిని పదిహేనేళ్ళుగా నడుపుతోంది. షరతు చెప్పేటప్పుడు తక్కెడలో రాయి వేసినట్టు చెబుతుంది. ఒకసారి వేశాక తీయదు.

సుచరిత సరేనంది. షరతు గట్టిదే గానీ అన్యాయమైనది కాదు. నిరుడు పనిచేసి వెళ్ళిపోయిన మాస్టారు పీరియడ్ మొదలవగానే ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని ఏవేవో టైపు చేసి, అక్షరాలు సరిచేసి, పాఠం తెరిచేసరికి బెల్లు కొట్టేసేవారు. పిల్లలు ఏడాదంతా నేర్చుకున్నది ఆయన వీపు ఎంత వెడల్పో అన్నది మాత్రమే.

ఆ ఆరు కంప్యూటర్లూ ఏదో ఆఫీసువాళ్ళు కొత్తవి కొనుక్కుని, పాతవి పుణ్యానికి ఇచ్చినవి. నూట ఇరవై ఎనిమిది ఎంబీ మెమరీ. ఈ రెండు వేల ఆరో సంవత్సరంలో వచ్చే సాఫ్ట్‌వేర్ వాటి మీద ఎక్కిస్తే ముసలి ఎద్దు మీద ఇటుకల లోడు వేసినట్టే. అందుకని సుచరిత ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి తేలికపాటి లినక్స్‌ను వారం రోజులు కూర్చుని ఆరింటిలోకీ ఎక్కించింది. అది నడుస్తోంది. ఇక మిగిలింది రెండే పనులు: తెలుగు అక్షరాలు కనపడాలి, స్విచ్ వేయగానే అన్నీ వాటంతట అవే సిద్ధం కావాలి.

ఆమెకు ఈ పని ఎందుకు కావాలో విమలాదేవికి చెప్పలేదు. బందరులో బీఏ చదివి, పైన ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేసింది. పెళ్ళయ్యాక, భర్త ఫణికి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం కావడంతో ఈ ఊరు వచ్చింది. ఆ సర్టిఫికెట్ పద్నాలుగేళ్ళుగా బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. రెండేళ్ళుగా ఈ బడికి వస్తోంది, కానీ ఎవరైనా రానిరోజున పిలిస్తే వచ్చే టీచరుగా మాత్రమే. ఈ రోజు లెక్కలు, రేపు సాంఘికం. పిల్లలకు ఆమె పేరు కూడా సరిగ్గా తెలియదు. "ఎవరూ రానప్పుడు వచ్చే టీచర్" అంటారు. తనదంటూ ఒక తరగతి, తనదంటూ ఒక పాఠం కావాలని ఆమె కోరిక. అది ఇప్పుడు ఆ మేడ మీది గదిలో ఉంది.

శనివారం పొద్దున్నే వచ్చి మొదటి కంప్యూటర్ ముందు కూర్చుంది. బడి గేటు పక్క గదిలో ఉండే ప్యూను మొగులయ్య చీపురు పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీద తెలుగు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి.

"ఏంది టీచరమ్మా, అన్నీ కిటికీలే గీసినవు."

"తెలుగు ఫాంటు లేదు మొగులయ్యా. ఇందులో అక్షరం ఉంది. దాని రూపం ఎలా ఉంటుందో దీనికి తెలియదు. అందుకని డబ్బా గీసి ఊరుకుంది."

"మా ఇస్కూల్ల నేనూ గంతే చేస్తుంటి. రాకుంటే సున్న సుట్టుడు."

ఆమె ఫ్లాపీలో తెచ్చిన ఫాంటును ఫాంట్లు ఉండవలసిన చోట పెట్టి, జాబితా మళ్ళీ చూసుకోమని కంప్యూటర్‌కు చెప్పింది. ఒక్క నిమిషం. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. మొగులయ్య చీపురు గోడకు ఆనించి దగ్గరకు వచ్చాడు.

సుచరిత మాత్రం మొహం తెరకు దగ్గరగా పెట్టి చూస్తోంది. అక్షరాల కింద ఒత్తులు సగానికి తెగిపోయాయి. ఇంగ్లీషు అక్షరానికి కొలిచి ఇచ్చిన ఎత్తులో తెలుగు అక్షరం పట్టదు. దానికి కింద కూడా జాగా కావాలి.

"పైన మంచిగనే ఉంది గద. కింద ఎవరు చూస్తరు?" అన్నాడు మొగులయ్య.

"పిల్లలు చూస్తారు. చూసిందే రాస్తారు."

పది ఉన్న సైజును పన్నెండు చేసింది. ఒత్తుల తోకలు ఇంకా తెగే ఉన్నాయి. పద్నాలుగు చేసింది. ఒత్తులన్నీ కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. అప్పుడు గానీ ఆమె కుర్చీ వెనక్కి జరగలేదు.

ఇక రెండో పని. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదువుకునే చిన్న చీటీ లాంటిది ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో వరుసలో ఒక్కో పని రాస్తే, పైనుంచి కిందికి చదువుతూ చేసుకుపోతుంది. ఆమె రాయవలసినవి మూడు వరుసలు: అక్షరాలు పెద్దవి చేయి, కీబోర్డును తెలుగుకు మార్చు, పాఠం తెరువు. నాలుగోది అందులో ముందే ఉంది. డెస్క్‌టాప్‌ను నడిపించే వరుస. ఆ తెర, ఆ మెనూలు, అంతా అదే. మిగతావన్నీ దాని ఇంట్లో ఉండేవే.

ఆ వరుస చీటీలో అన్నిటికన్నా అడుగున ఉంది. సుచరితకు అది నచ్చలేదు. దీపం వెలిగించకుండా నైవేద్యం పెట్టినట్టు, పెద్దవాళ్ళకు విస్తరి వేయకుండా పిల్లలకు వడ్డించినట్టు అనిపించింది. ఎవరో తొందరలో కింద పడేసి ఉంటారనుకుని దాన్ని తీసి అన్నిటికన్నా పైన పెట్టింది. తన మూడు వరుసలూ దాని కింద రాసింది.

కంప్యూటర్ ఆపి, మళ్ళీ స్విచ్ వేసింది. డెస్క్‌టాప్ వచ్చింది. అంతే. అక్షరాలు చిన్నవిగానే ఉన్నాయి. కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంది. పాఠం జాడే లేదు.

మూడు వరుసల్నీ విడివిడిగా చేత్తో టైపు చేసి చూసింది. మూడూ చక్కగా పనిచేశాయి. చీటీలో పెడితే మాత్రం ఒక్కటీ పనిచేయలేదు. చుక్కలు, గీతలు, ఖాళీలు, ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూసింది. తప్పు లేదు. పదిసార్లు ఆపి వేసింది. ఒంటిగంటకు బడి వదిలారు. మొగులయ్య తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దటిసంది దాన్ని సంపుతున్నవు, లేపుతున్నవు. దానికి గూడ బేజారయితుంది టీచరమ్మా. ఇంటికి పో."

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ వంటింటి పక్క గదిలో భోజనానికి చేరారు. మామూలుగా అత్తగారు కోటేశ్వరమ్మకు, ఫణికి, కూతురు స్రవ్యకు వడ్డించి, వాళ్ళు లేచాక సుచరిత తింటుంది. ఆ రోజు కోటేశ్వరమ్మ ఆమె మొహం చూసి, "పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయినట్టు ఉన్నావేమే. ఎన్నాళ్ళు చివర తింటావు? కూర్చో, అందరం కలిసి తిందాం" అంది.

సుచరితకు వాదించే ఓపిక లేదు. అన్నం, పప్పు, వేపుడు అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక ఫణి తల ఎత్తాడు.

"చారు?"

చారు గిన్నె వంటింట్లో పొయ్యి గట్టు మీదే ఉండిపోయింది. సుచరిత లేవబోయింది.

"ఎంగిలి చేత్తో గిన్నె ముట్టుకుంటావా?" అంది కోటేశ్వరమ్మ, అలవాటుగా.

"మరి ఎవరు తెస్తారు బామ్మా? అందరివీ ఎంగిలి చేతులే" అంది స్రవ్య.

"అందుకేనేమో మీ అమ్మ చివర కూర్చునేది" అన్నాడు ఫణి.

"అయితే నువ్వు లేచి చెయ్యి కడుక్కుని తెచ్చుకో నాయనా. కడిగితే చెయ్యి అరిగిపోదు" అంది కోటేశ్వరమ్మ. స్రవ్య నవ్వింది. ఫణి కాసేపు చారు లేకుండా తినగలనా అని ఆలోచించి, చివరికి లేచాడు.

సుచరిత ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

ఆ డెస్క్‌టాప్ వరుస ఒకసారి కూర్చుంటే కంప్యూటర్ ఆపేదాకా లేవదు. దాని పని అదే, కూర్చుని ఉండడం. చీటీ చదివే చేయి దాని దగ్గరే ఆగిపోతుంది. కింద ఉన్న మూడు వరుసలూ విస్తళ్ళ ముందు కూర్చుని చారు కోసం చూస్తూనే ఉంటాయి, ఎవరూ తేరు. ఎవరో తొందరలో దాన్ని అడుగున పడేయలేదు. తెలిసే అక్కడ పెట్టారు. తప్పు చేసింది తనే, మర్యాద చేయబోయి.

"అత్తయ్యా, నేను బడికి వెళ్ళొస్తాను."

"ఆదివారం పూట బడేమిటే?"

"వరుస మార్చాలి" అని, మజ్జిగ కూడా పోసుకోకుండా లేచింది.

బోనాల రోజులు. సందు మొదట్లో మైకు మోగుతోంది. మొగులయ్య కళ్ళు నలుపుకుంటూ గేటు తీశాడు.

"ఇయ్యాల గూడ నిద్ర పోనియ్యవా అమ్మా?"

"పది నిమిషాలు మొగులయ్యా."

పైనున్న వరుసను తీసి అడుగున పెట్టింది. అంతే పని. ఆపి వేసింది. తెర నల్లగా అయింది, గరగరమంది, వెలిగింది. డెస్క్‌టాప్ వచ్చేసరికి పాఠం తెరుచుకుని ఉంది, పెద్ద అక్షరాలతో, ఒత్తులతో సహా. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

మొగులయ్య ముందుకు వంగి వేలుతో చూపిస్తూ కూడబలుక్కున్నాడు. "ఇ-ది మా బ-డి. ఇక్క-డ నా పే-రు నేను రా-స్తా-ను." ఆగి ఆమె వైపు చూశాడు. "నేను మూడో తరగతి దాంక సదివిన. నా పేరు గూడ రాస్తదా ఇది?"

ఆమె లేచి కుర్చీ ఇచ్చింది. 'మ' ఎక్కడుందో, కొమ్ము ఎక్కడుందో చూపించింది. మొగులయ్య చూపుడు వేలుతో, బోరింగు కొట్టినంత బలంగా ఒక్కో అక్షరం కొట్టాడు. యకు య ఒత్తు వచ్చి కింద కుదురుకున్నాక కుర్చీలో వెనక్కి వాలాడు.

సుచరిత ఫాంటు, చీటీ ఎక్కించిన ఫ్లాపీ పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరకూ వెళ్ళింది. ఐదూ అలాగే లేచాయి. ఆరోది మాత్రం మొదట్లోనే ఆగిపోయి, ముందుకు వెళ్ళాలంటే ఒక బటన్ నొక్కమని అడిగింది. లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ అయిపోయింది. అది లేకపోతే స్విచ్ వేసినప్పుడల్లా అన్నీ మరిచిపోయి అలాగే అడుగుతుంది. బ్యాటరీ కోఠీలో దొరుకుతుంది గానీ ఆదివారం ఆ కొట్లు ఉండవు.

"గింతేనా? దీన్ని బందు చెయ్యకుంట పొద్దటిదాంక గిట్లనే నడువనిద్దాం. తెర మీద గుడ్డ కప్పుతా. మేడమ్‌కు ఎట్ల తెలుస్తది?" అన్నాడు మొగులయ్య.

సుచరిత ఆలోచించలేదని చెప్పడం అబద్ధమవుతుంది. ఒకటికి రెండుసార్లు ఆలోచించింది. తర్వాత ఆ కంప్యూటర్ ఆపేసింది.

"మేడమ్‌కు తెలియదు. ఎల్లుండి దీని ముందు కూర్చునే పిల్లకు తెలుస్తుంది."

సోమవారం పదింటికి విమలాదేవి, బడి కమిటీలో ఉండే ఆమె మరిది కృష్ణయ్య మెట్లెక్కారు. కృష్ణయ్యకు ఆ గది పుస్తకాల గోదాముగా కావాలి. కింద కబాడీ బండి నిలబడి ఉంది. విమలాదేవి స్వయంగా స్విచ్‌లన్నీ వేసి, చేతులు కట్టుకుని గది మధ్యలో నిలబడింది. ఒకటి లేచింది. రెండోది, మూడోది. ఐదు తెరల మీద పాఠం పరుచుకుంది. ఆరోది నల్లగానే ఉండిపోయింది, తెల్లగా ఒక ఇంగ్లీషు వాక్యంతో.

"సూసినవా వదినా? నేను చెప్పలే?" అన్నాడు కృష్ణయ్య.

సుచరిత ముందుకు వచ్చింది. "దాని లోపల చిన్న బ్యాటరీ పోయిందండీ. అది వేసేదాకా ఒక బటన్ నొక్కాలి. మీరు చెప్పిన ప్రకారం చూస్తే ఇది తప్పినట్టే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న."

"రాత్రంత బందు చెయ్యకుంట ఉంచుదమంటే టీచరమ్మనే వద్దన్నది" అన్నాడు మొగులయ్య గుమ్మంలోంచి. తర్వాత తను అన్నదేమిటో తెలిసొచ్చి మెట్ల వైపు చూడసాగాడు.

విమలాదేవి అతని మాట విననట్టే మొదటి కంప్యూటర్ ముందు కూర్చుంది. కళ్ళద్దాలు పైకి జరుపుకుని, కొట్టులో చెంబు అడుగు తిప్పి చూసినట్టు అక్షరాల అడుగులు చూసింది. ఒక్కో వరుసా చదివింది. సుచరిత కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"కృష్ణయ్యా."

"ఆ వదినా."

"బండాయనకు పెరట్ల ఇరిగిన బెంచీలు చూపియ్యి. ఉత్త బండితోని పోనియ్యొద్దు పాపం."

"మరి గోదాం?"

"గోదాం సంగతి తర్వాత. పుస్తకాలు ఎక్కడన్న ఉంటయి." లేచి సుచరిత వైపు తిరిగింది. "ఐదున్నయి గద టీచర్. ఆరోదానికి బ్యాటరీ తెప్పియ్యండి. మూడో పీరియడ్ ఆరో తరగతికి ఖాళీ ఉంది."

"రేపటి నుంచా అండీ?"

"ఇయ్యాలనే. రేపటిదాంక ఏం చేస్తరు?"

మూడో పీరియడ్‌కు ఇరవై నాలుగు మంది చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చారు. తలకు నూనె, జేబుల్లో చింతగింజలు. ముందున్న పిల్ల ఆమెను చూసి, "టీచర్, ఇయ్యాల ఎవరు రాలే?" అని అడిగింది.

"అందరూ వచ్చారు. ఇది నా క్లాసు" అంది సుచరిత. నలుగురేసి చొప్పున కూర్చోబెట్టింది. ఐదు బృందాలు తెర మీదికి వంగి అప్పుడే వేళ్ళు చాపాయి. ఆరోదాని ముందు కూర్చున్న నలుగురు ఆడపిల్లలు నల్ల తెరను, పక్క తెరలను మార్చి మార్చి చూసి దిగులుగా మొహాలు పెట్టారు.

సుచరిత వాళ్ళ మధ్యకు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"బ్యాటరీ వచ్చేదాకా దీన్ని మనమే లేపాలి. పైన వరుసలో మొదటి బటన్ పక్కది. ఎవరు నొక్కుతారు?"

నాలుగు చేతులూ ఒక్కసారే లేచాయి.