ఏడో కుండీ దాహం

మొక్కల పరిశోధనశాలలో ఏడో కుండీని కాటా మీద పెట్టి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగపట్టాడు తూకాల తాత. మొదట్లో రోజుకు ముప్ఫై గ్రాముల తేమ పోగొట్టుకున్న మొక్క, పదకొండు రోజులు నీళ్ళు లేకపోయేసరికి రెండు గ్రాములతో సరిపెట్టుకుంటోంది.

మొరటు వేళ్ళతోనే ఆకు అడుగున రంగులేని గోళ్ళరంగు సుతారంగా పూశాడు. ఆ సీసా కొన్నప్పుడల్లా కొట్టు ఆవిడ ఆటపట్టిస్తుంది.

"ఎవరికి పెద్దాయనా, ఇంత సోకు?"

"ఆకులకమ్మా. నచ్చలేదని తిరిగివ్వవు."

ఆకు అచ్చు పడిన ఆ పొర ఆరాక ఊడదీసి గాజుపలక మీద అంటించి ఇచ్చాడు. పరిశోధన చేసే అమ్మాయి మైక్రోస్కోపులో చూసింది.

"తలుపులన్నీ మూసే ఉన్నాయి తాతా!"

"గడుసు పిల్ల. ఉన్నదాంతో నెట్టుకొస్తోంది."

తాత లెక్కలో ఆకు కూడా ఒక కొట్టే. అడుగున కంటికి ఆనని రంధ్రాలే దాని తలుపులు. తెరిస్తే గాలి లోపలికొస్తుంది, తేమ బయటికి పోతుంది. ఎండ మండేటప్పుడు మూయకపోతే ఉన్నది పోతుంది. మూసుకునే కూర్చుంటే కొత్తది రాదు. భార్య పోయాక తాత అలాగే మూసుకున్నాడు. ఈ అమ్మాయి వచ్చాకే ఒకటో రెండో తెరుచుకున్నాయి.

తొమ్మిదేళ్ళ కిందట, వాడిపోతున్న మొక్కను చూడలేక గ్లాసుడు నీళ్ళు పోశాడు. అప్పటి పరిశోధకుడి ఏడాది కష్టం మట్టిపాలైంది. ఆ తర్వాత నీళ్ళు పోయకుండా ఉంచే ఎండు వరుస తాత చేతికి ఎవరూ ఇవ్వలేదు. అందరూ వద్దన్నా ఇప్పుడు ఇచ్చింది ఈ అమ్మాయే.

సాయంత్రం ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"రేపు పొద్దున ఆఖరి తూకం. అవగానే నువ్వే నీళ్ళు పొయ్యి."

"ఇప్పుడే పోస్తే?"

"తాతా!"

"ఊరికే అన్నాలేవే."

ఆమె వెళ్ళాక తన స్టీలు గ్లాసు నింపి, మూత పెట్టి, ఏడో కుండీ పక్కన ఉంచాడు. "ఓర్చుకో తల్లీ, ఒక్క పూట," అన్నాడు. ఛాతీలో బరువుగా అనిపించి, ఎదురుగా ఉన్న బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పొద్దున అమ్మాయి వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది.

అతన్ని తీసుకెళ్ళాక, తాత తూకం మధ్యలో ఆగకూడదని ఆమె కాటా ముందు నిలబడింది. కుండీ బరువు రెండు గ్రాములే తగ్గింది. గోళ్ళరంగు పూసి, పొర తీసి చూసింది. తలుపులన్నీ మూసే ఉన్నాయి.

చెంపలు తుడుచుకుని గ్లాసు మూత తీసింది. నీళ్ళు అంచుదాకా అలాగే ఉన్నాయి.