ఫొటోలు తాగిన బియ్యం

లీమా నగరానికి దక్షిణపు కొసన, ఆ మట్టి కొండ మీద నీళ్ల లారీ హారన్ వినపడిందంటే చాలు, ఆడవాళ్లు సగం అల్లిన జడతోనైనా పరుగెత్తుతారు. ఆలస్యమైతే డ్రమ్ము నిండదు, మళ్లీ మూడు రోజుల దాకా లారీ రాదు. ఆ శనివారం పొద్దున ఎర్మెలిందా కూడా అలాగే పరుగెత్తింది. చంకలో టాబ్లెట్ ఉంది. కింద బజారుకెళ్లి అందులో ఫొటోలు కాగితం మీద వేయించుకుందామని ఆ రోజే బయల్దేరింది పాపం. గొట్టం కోసం పక్కింటావిడతో పెనుగులాడుతుంటే టాబ్లెట్ కాస్తా జారి నీలం డ్రమ్ములో బుడుంగున మునిగింది.

"అయ్యో, నా ఇల్లు!" అని అరిచింది ఎర్మెలిందా.

నిజంగా ఇల్లే. ఆ జాగాలో పదేళ్లుగా కాపురమున్నట్టు రుజువు చూపించినవాళ్లకే మునిసిపాలిటీ పట్టా ఇస్తుంది. ఎర్మెలిందా మొగుడు ఆబ్దోన్ పోయి నాలుగేళ్లయింది. వాడి అన్న ఎలియోదోరో ఇప్పుడు తీరిగ్గా దిగి, "జాగా నాది, తమ్ముణ్ణి కాపలా పెట్టాను, ఈవిడ మొన్న మొన్న వచ్చింది" అని అర్జీ పెట్టాడు. ఎర్మెలిందా దగ్గర కాగితం ముక్క లేదు. ఉన్నవల్లా ఫొటోలే. ఏటా ఇంటికి కప్పు వేసిన రోజు వచ్చినప్పుడల్లా ఆబ్దోన్ గుమ్మం ముందు నిలబడి ఫొటో తీయించుకునేవాడు. తడికెల గోడలప్పుడు ఒకటి, చెక్క గోడలప్పుడు ఒకటి, ఇటుకలొచ్చాక నడుము మీద చెయ్యి వేసుకుని మరొకటి.

తడిసినదాన్ని బియ్యంలో పెట్టాలని ఎవరికి తెలీదు? ఆవిడింట్లో బియ్యం గ్లాసెడుంటే గొప్ప. కానీ ఆ వీధివాళ్లంతా కలిసి వండుకునే ఉమ్మడి వంట బస్తా ఆ వారం ఆవిడింట్లోనే ఉంది. బస్తా మూతి విప్పి టాబ్లెట్‌ని పైపొరలో పూడ్చేసింది. ఆ కొండ మీద బియ్యం నీళ్లతో ఆగదన్న సంగతి కంగారులో మరిచింది. పోయినేడు వంట పెద్ద సెవెరీనా తన రేడియో పెడితే బియ్యం అందులో పాటలు కూడా తాగేసింది. ఆ అన్నం తిన్నవాళ్లు రెండు రోజులపాటు ఒకటే కూనిరాగం.

మంగళవారం తీసి చూస్తే టాబ్లెట్ వెలిగింది. ఫొటోలు మాత్రం ఒక్కటీ లేవు. వంటవాళ్లకి బస్తా అందేలా తలుపు తాళంచెవి ఎప్పటిలా మేకుకి తగిలించి, గుండెలు బాదుకుంటూ బజారులో రిపేర్లు చేసే వ్లాదిమిర్ దగ్గరికి పోయింది. ఆయన నెరిసిన మీసం తిప్పుకుంటూ టాబ్లెట్ వెనక మూత ఊడదీసి చూశాడు.

"ఇందులో ఏం మిగల్లేదక్కా. అన్నీ బియ్యం తాగేసింది. ఏ బియ్యంలో పెట్టావ్?"

"ఉమ్మడి బస్తాలో."

"ఖర్మ! మరి ఇక్కడ నిలబడతావేం? వండేస్తే తిన్నవాళ్లకే పోతాయి. పరుగెత్తు!"

మూడొందల మెట్లు. ఎర్మెలిందా పైకి చేరేసరికి అన్నం, పప్పు వడ్డించేయడం, గిన్నెలు తోమడం కూడా అయిపోయాయి. సెవెరీనా చేతులు తుడుచుకుంటోంది.

"ఇవాళ అన్నం తిన్నవాళ్లందరికీ మీ ఆయనే కనిపిస్తున్నాడే! నాకు పసుపు చొక్కాలో వచ్చాడు, ఇంకా తడికెల గోడలే" అంది.

"అక్కా, నా వంతు తీసిపెట్టావా?"

రానివాళ్ల వంతు మూతపెట్టి ఉంచడం వాళ్ల ఆనవాయితీ. సెవెరీనా మొహం వాడిపోయింది.

"మీ బావగారు వచ్చాడే. జాగా సంగతి తేల్చడానికి గురువారం మునిసిపాలిటీ ఇంజనీరమ్మ వస్తోందని చెప్పడానికొచ్చాడు. ఆకలిగా ఉందన్నాడు. నీ చుట్టమే కదా అని నీ వంతు ఆయనకి పెట్టేశాను."

ఎర్మెలిందా అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. పట్టా సంగతి తర్వాత, ఇక తన కళ్లకి ఆబ్దోన్ ఒక్కసారైనా కనిపించడు. మిగతా బస్తాలో పిడికెడు ఉడికించి తింది. వట్టి అన్నం రుచే, ఫొటోలు తాగిన పైపొర అంతా అయిపోయింది.

గురువారం ఇంజనీరమ్మ బూట్లకి మట్టితో, చేతిలో అట్టతో వచ్చింది. "రుజువులేవి?" అంది.

"బియ్యం తాగేసిందమ్మా. వీళ్లు తిన్నారు."

ఇంజనీరమ్మ నిట్టూర్చి పేజీ తిప్పింది. "మంగళవారం తిన్నవాళ్లు మాత్రమే ముందుకు రండి. వారం దాటితే చెల్లదు. చూసిందే చెప్పాలి, ఊహించింది కాదు."

ఒక్కొక్కరే వచ్చారు. పసుపు చొక్కా, తడికెలు, గుమ్మానికి తలుపు లేదు అని ఒకరు. చెక్క గోడ, పక్కన కడుపుతో ఎర్మెలిందా అని ఇంకొకరు. గొట్టం కోసం కొట్లాడిన పక్కింటావిడ కూడా వచ్చి, "ఇటుకలు, నడుము మీద చెయ్యి, మహా టెక్కు" అంది. అన్నీ రాసుకుని ఇంజనీరమ్మ ఎలియోదోరో వైపు తిరిగింది.

"మీరూ తిన్నారట కదా. మీకేం వచ్చింది?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడాయన. రెండు రోజులుగా నిద్ర లేదని మొహమే చెబుతోంది.

"నాకు ఇల్లు రాలేదు" అన్నాడు చివరికి. "వాడొచ్చాడు. మంచం మీద, ఆఖరి వారంలో." ఎర్మెలిందా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు కబురు పంపావు. పనుంది, రాలేనన్నాను."

ఇంజనీరమ్మ వైపు తిరిగాడు.

"నా అర్జీ కొట్టేయండమ్మా. ఆ కప్పు వేసిన రోజు రేకులకి అటు కొస పట్టుకున్నది నేనే. జాగా వాడిది."

ఇంజనీరమ్మ సంతకం తీసుకుని మెట్లు దిగిపోయింది. జనం చెదిరారు. ఎలియోదోరో మాత్రం కదల్లేదు.

"ఇది ఎప్పుడు పోతుందమ్మా? కళ్లు మూసినా అదే."

"నాకేం తెలుసు? నా వంతు మీరు తిన్నారు" అంది ఎర్మెలిందా కటువుగా. గెలిచిన సంతోషం రాలేదు. మెడ పట్టి గెంటాలనే ఉంది. కానీ మంచం మీది ఆ ఫొటో తను తీసిందే. తీశాక భయమేసి ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా అది ఈ మనిషి దగ్గర తప్ప ఎక్కడా లేదు. పీట లాగి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి. ఏం దుప్పటి కప్పుకున్నాడు?"

"ఆకుపచ్చది. అంచు చిరిగింది."

"మొహం?"

"చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది."

ఆమె ఇంకో పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"కళ్లు మూసుకున్నాడా?"

"లేదు, తెరిచే ఉన్నాయి" అన్నాడు ఎలియోదోరో. "ఫొటో తీస్తున్న నిన్నే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా."

"ఇంకోసారి చెప్పండి బావగారూ" అంది ఎర్మెలిందా.