బ్రోకరు వేషం

మీసం మళ్ళీ ఒక పక్క లేస్తోంది, విదేశాల నుంచి ఇంతింత నిధులొస్తాయి గానీ మంచి జిగురు సీసా ఒక్కటి రాదు, అద్దంలో చూస్తే నా మొహం నాకే చీదర, నల్ల కళ్ళద్దాలు, మెడలో లావుపాటి గొలుసు, ఎర్ర చొక్కా, ఉద్యోగాలిప్పిస్తానని ఆడపిల్లల్ని దేశం దాటించి అమ్మేసే వాడి వేషం, ఈ చుట్టుపక్కల బడుల్లో పిల్లలందరికీ నేను బ్రోకర్ బాబాయినే, తెర అవతల అప్పుడే గోల మొదలైంది, నిధులిచ్చే సంస్థవాళ్ళు వచ్చి కూర్చున్నారట, ప్రాజెక్టు మేడం రెండుసార్లు తొంగిచూసి పోయింది, జేబులో ఫోన్ వణుకుతోంది, అక్కే, ఏం చెప్పను అక్కా, నీ కూతురి ఫోన్ నాకూ కలవడం లేదు, స్విచాఫ్ స్విచాఫ్, ఆ మాట వినీ వినీ పిచ్చెక్కుతోంది.

ఏమీ తెలియని పిల్లయితే మోసపోయిందిలే అనుకోవచ్చు, నా మేనకోడలికి ఈ నాటకం నాకంటే బాగా వచ్చు, అన్నం తింటూ నా గొంతు అనుకరించి వాళ్ళమ్మని కడుపుబ్బ నవ్వించేది, అలాంటిది పక్క వాటాలో అద్దెకు దిగిన ఆవిడతో వెళ్ళిపోయింది, పిల్లని చూసి అందరం పిన్నీ పిన్నీ అనేవాళ్ళం, అక్కకి జ్వరమొస్తే వారం పాటు ఆవిడే వండిపెట్టింది, నా నాటకం ఎక్కడుంటే అక్కడికి వచ్చేది, నేను రంగం మీదికి రాగానే అమ్మో అని గుండెల మీద చెయ్యి వేసుకునేది, అయ్యాక దగ్గరికొచ్చి, ఏం చేశావు తమ్ముడూ, ఒళ్ళు జలదరించిందనుకో, నిజంగానే వాళ్ళు ముందే డబ్బు చేతిలో పెడతారా, ఫోన్ లాగేసుకుంటారా, ఇంట్లో చెప్పొద్దంటారా, మెచ్చుకుంటే చాలు ఉబ్బి తబ్బిబ్బయ్యే రకాన్ని నేను, పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి, ఆవిడ కళ్ళార్పకుండా వినేది. పరాయి దేశంలో ఒక హోటల్లో పనుందని ఆవిడే అంది, డబ్బు చేతిలో పెట్టలేదు, ఫోన్ నీ దగ్గరే జాగ్రత్తగా పెట్టుకో అమ్మలూ అంది, అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ మాట్లాడింది, బయల్దేరే ముందు పిల్ల నాకు ఫోన్ చేసింది, మావయ్యా, నాటకంలో అడగమన్నవన్నీ అడిగాను, పిన్ని దేనికీ తడుముకోలేదు, నువ్వేం బెంగపెట్టుకోకు, దాని గొంతులో ఎంత గర్వమో, పరీక్ష పాసైనంత గర్వం, ఇప్పుడు చూస్తే అక్కడ ఆ పేరుతో హోటలే లేదట, పిన్ని గదికి తాళం, లోపల చీపురుపుల్ల కూడా మిగల్లేదు.

పోలీసులేమో మేజరే కదా, ఇష్టపడే వెళ్ళిందిగా అంటారు, మేడం కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, ఈ నిధులిచ్చే సంస్థకి ఆ దేశంలోనూ ఆఫీసుందట కదమ్మా, ఒక్క మాట చెప్పించండి, మేడం చెడ్డది కాదు, పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది, కానీ మన ప్రాజెక్టు నివారణకండీ, పోయినవాళ్ళని వెతకడానికి కాదు, అది వేరే విభాగం, ఇప్పుడు ఈ మాటెత్తితే మన ఊళ్ళోనే పిల్ల పోయిందా అని నిధులు మొత్తం ఆపేస్తారు, ముందు నాటకం కానివ్వండి, తర్వాత నేనే మాట్లాడతాను, ఆ తర్వాత అన్న ఒక్క మాట పట్టుకుని ఈ రంగు పూసుకున్నాను, బాగా ఆడితే వాళ్ళ మనసు కరుగుతుందేమో, కరిగితే ఒక్క ఫోన్ చేస్తారేమో, అది ఏ గదిలో ఉందో, తిన్నదో లేదో, ఎవరు తలుపు తీస్తున్నారో, ఛ, అటు ఆలోచించకు, ఏడిస్తే రంగు కారిపోతుంది.

పిలిచారు, వెళ్తున్నాను, నవ్వాలి, పళ్ళన్నీ బయటపెట్టి ఆ వెధవ నవ్వు నవ్వాలి, లైట్లు కళ్ళలో పొడుస్తున్నాయి, పిల్లలు కెవ్వుమన్నారు, నాటకంలో అమ్మాయి నా వైపు నడుస్తుంటే వద్దక్కా వెళ్ళకక్కా అని హాలు హాలంతా ఒకటే అరుపు, ఎంత బాగా నేర్చుకున్నారు, మేడం మొహం వెలిగిపోతోంది, ముందు కూర్చున్న చిట్టి పిల్ల ఒకతి నన్ను చూడలేక లేచి పరుగు తీసింది, అతిథులతో వచ్చిన ఎవరో ఆవిడ ఒళ్ళో మొహం దాచేసుకుంది, ఆవిణ్ణి ఆ పిల్ల ఇంతకుముందు చూసి కూడా ఉండదు, ఆవిడ మురిసిపోయి వీపు నిమురుతోంది, పక్కవాళ్ళు ముచ్చటపడి ఫోటో తీస్తున్నారు, చప్పట్లు, ఆవిడ మంచి మనిషే అయ్యుంటుంది, తప్పకుండా అయ్యుంటుంది, కానీ ఆ సంగతి ఆ పిల్లకెలా తెలుసు, నన్ను చూసి పారిపొమ్మని ఇంతమందికి నేర్పాం, పారిపోయి ఎవరి దగ్గర ఆగాలో ఒక్కరికీ నేర్పలేదు, మా పిల్ల కూడా నాలాంటి వాడి చేతిలో పడకూడదనే పిన్ని చెయ్యి పట్టుకుంది.