పదికి రెండు

గేటు దగ్గర తలుపుల ఫిట్టరు కార్డు పెడితే ఎర్ర దీపం వెలిగింది. పదకొండేళ్ళుగా కార్లకు తలుపులు బిగించిన మనిషిని కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. ఆ పొద్దున అలా ఆగిపోయినవాళ్ళు నాలుగు వందల మంది. వెనకాలే ఉన్న వెల్డరు మాత్రం తల వంచుకుని లోపలికి పోయాడు.

ఇద్దరూ తోడల్లుళ్ళు.

"మేమెవర్నీ తీసెయ్యలేదు, మీ మార్కులే తీశాయి" అంది కంపెనీ. పోయిన నెల ప్రతివాడికీ ఒక చీటీ ఇచ్చి, పక్కవాడి పనికి పదికి ఎన్ని మార్కులో వెయ్యమంది. వెల్డరు తోడల్లుడికి రెండు వేశాడు. పనిలో వంక ఉండి కాదు. అత్తారింట్లో చిన్నల్లుడి మాటే చెల్లుతుందని, లైనులో అందరూ అతని చుట్టూనే మూగుతారని ఓర్వలేక వేశాడు.

పోనీ, దాంతో కడుపుమంట చల్లారిందా? లోపల ముగ్గురి పని ఒక్కడే చేస్తూ కిటికీలోంచి చూసేవాడు. గేటు ముందు ధర్నాకు కూర్చున్నవాళ్ళు అన్నం పొట్లాలు పంచుకుని, నవ్వుకుంటూ తినేవాళ్ళు. ఉద్యోగం పోయినవాణ్ణి చూసి కూడా కుళ్ళుకునే దౌర్భాగ్యం అతనికే పట్టింది.

మూడో రోజు సాయంత్రం డ్యూటీ దిగి, గేటు ముందు జరుగుతున్న మీటింగులో అందరి వెనకా నిలబడ్డాడు. ఫిట్టరు మాట్లాడుతున్నాడు.

"నాకు రెండు వేశారట. ఎవరేశారో నాకనవసరం. నా పనిలో తప్పేంటో చెప్పండి, దిద్దుకుంటా."

నోరు విప్పితే ఉన్న ఉద్యోగం ఊడుతుందని వెల్డరుకు తెలుసు. అయినా ఆగలేకపోయాడు.

"తప్పేం లేదు. నేనే వేశాను, నీ మీద కుళ్ళుతో."

ఫిట్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి చెంప పగలగొట్టాడు. "కోపముంటే ఇంటికొచ్చి తిట్టకపోయావా అన్నయ్యా?"

రంగుల సెక్షన్‌లో ఉద్యోగం మిగిలిన ఆవిడ లేచింది. "నేనూ మా పక్కదానికి మూడే వేశాను. అది పోతే నేనుంటానని."

ఆ తర్వాత మీటింగుకొచ్చిన లోపలివాళ్ళు ఒక్కొక్కరే లేచి ఒప్పుకున్నారు.

"మన వేలితో మన కన్నే పొడిపించారు" అన్నాడు ఫిట్టరు.

మర్నాడు వెల్డరు లైను ఆపేశాడు. లోపలివాళ్ళంతా బయటికొచ్చి గేటు ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి వెల్డరును వ్యాను ఎక్కించారు.

"మీ వదినకి చెప్పు" అన్నాడు వెల్డరు.

"చెబుతాలే. ఇన్నాళ్ళూ నన్ను చూసి నువ్వు కుళ్ళుకున్నావు. ఇవాళ నా వంతు" అని ఫిట్టరు వెళ్ళి వ్యాను చక్రాల ముందు కూర్చున్నాడు. అతని పక్కన రంగుల ఆవిడ కూర్చుంది. చూస్తుండగానే రోడ్డు నిండిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.