ఏడో పువ్వు పక్కన మూడు ముడులు

"ఎరుపు రెండు, తెలుపు ఒకటి, నీలం తొమ్మిది!"

నన్నే సాహెబ్ పిలిచాడు. మగ్గం ముందు పలక మీద వరసగా కూర్చున్న నలుగురూ ఆ లెక్కన పడుగు దారాలకు ఉన్ని ముడులు వేసి, కత్తితో కొసలు తెంపి, మళ్ళీ పిలుపు కోసం ఆగారు. ఆయన చేతిలో కాగితం లేదు. ఏలూరు తంగెళ్ళమూడిలోని ఆ తివాచీల కార్ఖానాలో ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. డిజైనంతా మేస్త్రీ నోట్లోనే ఉంటుంది. ఆయనకది తండ్రి నోటి నుంచి వచ్చింది, తండ్రికి తాత నోటి నుంచి.

అరవై రెండేళ్ళ బక్క మనిషి. యాభై ఏళ్ళు మోకాళ్ళు ముడుచుకు కూర్చున్నందువల్ల నిలబడ్డా కాస్త కూర్చున్నట్టే ఉంటాడు. కుడి చూపుడువేలి మీద ఉన్ని దారం కోసిన గాడి ఉంది, అందులో గోధుమగింజ పడుతుంది. కళ్ళకు పొర వచ్చింది. ఉన్ని నూగు ఛాతీలో చేరి మాట మాటకీ దగ్గిస్తుంది. ఇంతకు మించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు, ఆ ఒక్క పిచ్చీ లేకపోతే.

ఆ పిచ్చి ఇది. వాళ్ళ ఇంటి డిజైనులో నీలం అంచు మీద పువ్వులు ఒకదాని పైన ఒకటి వస్తాయి. కింది నుంచి ఏడో పువ్వు పక్కన, నీలం మధ్యలో, మూడే మూడు ఆకుపచ్చ ముడులు. అవి ఆకూ కాదు, తీగా కాదు. ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ళ వయసులో తండ్రిని అడిగితే, "పిలుపులో ఉంది. పిలు," అన్నాడాయన. ఆ జవాబుతో ఎవరు మాత్రం ఊరుకుంటారు?

నన్నే సాహెబ్ ఊరుకోలేదు. నవాబుల కాలంలో నిధి గుర్తని ఎవరో చెప్తే, తమ్మిలేరు గట్టున ఏడో తాటిచెట్టు మొదట్లో ఏడు శుక్రవారాలు తవ్వాడు. పెంకుముక్కలు దొరికాయి. తరువాత తనకే తట్టింది: నీలం కొల్లేరు, ఆకుపచ్చ అందులో ఒక లంక! వెంటనే మండవల్లి వెళ్ళి, ఏడుకొండలనే దోనెవాణ్ణి బతిమాలి, మూడు రోజులు సరస్సంతా తిరిగాడు. జ్వరంతో, ఒక బుట్టెడు కొర్రమీనులతో ఇంటికొచ్చాడు. భార్య షరీఫా మూడు రోజులు కషాయమూ పోసింది, చేపల పులుసూ వండింది, ఒక్క మాటా అనలేదు. ఆ ముడులు దొరల మీద వేగు కోసం పంపిన సంకేతమని కొన్నాళ్ళు నమ్మాడు. పువ్వుకో రాజు చొప్పున లెక్కేసి, ఏడో రాజుతో దేశానికి స్వతంత్రం వస్తుందని రాసిపెట్టారని కొన్నాళ్ళు నమ్మాడు. స్వతంత్రం వచ్చినప్పుడు తనకు ముందే తెలిసినట్టు బజారంతా తిరిగాడు.

ఇప్పుడు ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చి రెండేళ్ళయింది. ముడుల సంగతి మాత్రం తేలలేదు. ఈ రోజు తేలాలి.

ఎందుకంటే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లండు సీమకు ఎగుమతి చేసే వ్యాపారి, ఆ ఆకుపచ్చ చుక్కలను కొనేవాళ్ళు నేతలో తప్పు అనుకుంటున్నారనీ, ఇకమీదట అవి ఉండకూడదనీ రాశాడు. మగ్గం మీద ఈ మధ్యాహ్నానికి ఏడో పువ్వు వస్తుంది. కార్ఖానా యజమాని అబ్దుల్ మజీద్ పొద్దున్నే ఆ ఉత్తరం పట్టుకు వచ్చాడు.

"చాచా, ఒక కారణం చెప్పండి. ఫలానా అందుకని ఉందని రాసి పంపుతాను. చెప్పలేకపోతే ఇక్కడ నీలమే పిలవండి. ఇక ఎప్పటికీ నీలమే."

"మధ్యాహ్నం దాకా ఆగు బాబూ. చింతలపూడి నుంచి వస్తోంది."

వస్తున్నది మొట్టమొదటి తివాచీ. నన్నే సాహెబ్ ముత్తాత దాన్ని ఎదురుగా పరుచుకుని, ముడి ముడీ లెక్కపెట్టి పిలుపు కట్టుకున్నాడని ఇంట్లో చెప్పేవారు. తరువాత అది అటువైపు జమీందారొకరి మేడకు వెళ్ళిపోయింది. ఇప్పుడు జమీందారీలు పోయాయి, మేడలో చిమ్మటలు పడ్డాయి, బాగుచేయించమని పంపుతున్నారు. యాభై ఏళ్ళుగా ఆయన ఎదురుచూసిన మూలకాగితం ఎడ్లబండి ఎక్కి తనే వస్తోంది!

ఆ పూట ఆయనకు ఒకచోట నిలకడ లేదు. బండి చప్పుడైనప్పుడల్లా లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. ఒకసారి తెలుపనబోయి ఎరుపన్నాడు.

"మేస్త్రీగారూ, పెళ్ళికూతురు వస్తోందాండీ?" అన్నాడు కుడి చివర కూర్చున్న ఇమ్మానుయేలు. పన్నెండేళ్ళుగా ఆయన పిలుపుకు ముడులేస్తున్నవాడు, అంత చనువుంది.

"నోరు మూసుకుని ముడెయ్యరా," అన్నాడు నన్నే సాహెబ్, నవ్వు ఆపుకోలేక.

పన్నెండు దాటాక బండి వచ్చింది. మేడ గుమాస్తా సత్తిరాజు దిగి, "ఏవండీ సాయిబుగారూ, దింపించండి. దారంతా దుమ్మేనండి," అన్నాడు. నలుగురూ మోసుకొచ్చి నేల మీద దొర్లించారు. కర్పూరం, గబ్బిలాల వాసన గుప్పున లేచింది. నన్నే సాహెబ్ అంచు మీద మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో పువ్వులు లెక్కపెట్టసాగాడు. మూడు, నాలుగు, అయిదు. మజీద్ కూడా వంగాడు.

"ఉన్నాయి!" అని అరిచాడు ఇమ్మానుయేలు.

ఉన్నాయి. నూరేళ్ళు దాటినా ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. నన్నే సాహెబ్‌కు కళ్ళనీళ్ళొచ్చాయి. "చూశావా మజీదూ! చూశావా!" అంటూ, ఉత్సాహం పట్టలేక అంచు తిరగేసి వెనకవైపు తడిమాడు. ముడి సంగతి వెనకనే తెలుస్తుంది. అక్కడ ఆయన వేళ్ళు ఆగిపోయాయి. పక్క ముడులన్నీ ఒక తీరు, ఈ మూడూ ఒక తీరు. చిన్న బుడిపె తగులుతోంది.

"షరీఫాను పిలవండి," అన్నాడు.

కార్ఖానా తివాచీలకు చిల్లులు పడితే సూదితో పూడ్చి రఫ్ఫు చేసేది షరీఫానే. నలభై ఏళ్ళుగా ఇంట్లోనే కూర్చుని చేస్తోంది. ఆడవాళ్ళు మగ్గం దగ్గరకు రారు. ఆ రోజు మాత్రం ఆమె కార్ఖానా పెరటి గుమ్మంలోంచి సూదిపెట్టెతో వచ్చి, కొంగు సవరించుకుని, తివాచీ పక్కన చతికిలబడి, వెనకవైపు ఒక్క చూపు చూసింది.

"ఇది రఫ్ఫండీ."

ఆమె సూది మొనతో ఆ బుడిపె ఎత్తి చూపించింది.

"వేలి ముడి కాదండీ, సూదిది. కొస చూడండి, పక్క ముడుల కిందికి దూర్చింది. ఇదిగో, చుట్టూ ఉన్ని మొదళ్ళు నల్లబడ్డాయి. హుక్కా నిప్పు పడుంటుంది. మీ ఇంట్లో ఉన్నప్పుడే పడుంటుంది." సూది పక్కన పెట్టి అంది. "ఆ పూట నీలం ఉన్ని అయిపోయిందేమో పాపం. మీ ఇంటి ఆవిడెవరో చేతికందిన దాంతో కుట్టేసింది."

నన్నే సాహెబ్ ముత్తాత నిప్పు పడిన చోటును కూడా లెక్కపెట్టి, భక్తిగా పిలుపులో కట్టుకున్నాడన్నమాట. నిధి లేదు, లంక లేదు, రాజుల్లేరు. ఎప్పుడూ మాట దొరికే ఇమ్మానుయేలు కూడా తలదించుకున్నాడు. యాభై ఏళ్ళ పిచ్చి ఒక్క మాటతో వదిలిపోతే మనిషి ఏమైపోతాడో అని అందరికీ భయం వేసింది.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు, నవ్వు కలిసిపోయి ఊపిరాడక మజీద్ భుజం పట్టుకున్నాడు.

"ఒక ఆడమనిషి రా! ఇంట్లో కూర్చుని కుట్టిన మనిషి. మా నాన్న, మా తాత, వాళ్ళ నాన్న, అందరూ ఆవిడ చెప్పినట్టు పిలిచారు. నేనూ పిలిచాను. నూరేళ్ళు మా ఇంట్లో ఆవిడేరా మేస్త్రీ!" షరీఫా వైపు తిరిగాడు. "పేరేమై ఉంటుందే?"

"ఎవరు రాసుకుంటారండీ," అంది ఆమె సూదిపెట్టె మూస్తూ. "అయినా ఆవిడ పని సరిగ్గా చెయ్యలేదు. కనపడితే అది రఫ్ఫు కాదు."

ఆమె వెళ్ళిపోయింది. సత్తిరాజును కూర్చోబెట్టి ఆయన అదే కథ మళ్ళీ చెప్పాడు. నీళ్ళు పోయడానికొచ్చినవాడికీ చెప్పాడు. ఈ లోపల మగ్గం మీద ఏడో పువ్వు వచ్చేసింది. కత్తులు ఆగాయి. మజీద్ నెమ్మదిగా అడిగాడు.

"ఏం పిలుస్తారు చాచా?"

నన్నే సాహెబ్ మగ్గం మీది ఏడో పువ్వు వైపు వేలు చాచాడు.

"నీలం," అన్నాడు. "నీలమే కదా బాబూ అసలు. నీలం పన్నెండు!"

పన్నెండు నీలం ముడులు పడ్డాయి. ఇనప దువ్వెనలాంటి పంజాతో దట్టించారు. ఆయన చుట్టగా చుట్టి పెట్టిన పాత తివాచీకి ఆనుకుని, మొహం నిండా ఆ నవ్వుతోనే పై వరస పిలిచాడు. దాని పై వరసా పిలిచాడు. సాయంత్రపు అసర్ నమాజు వేళ కావస్తోంది. నలుగురూ కొసలు తెంపి తరువాతి పిలుపు కోసం ఆగారు.

పిలుపు రాలేదు.

ఇమ్మానుయేలు వెనక్కి తిరిగి చూశాడు. మేస్త్రీ చూపుడువేలు ఇంకా మగ్గం వైపే ఉంది.

మిగతా తివాచీ ఇమ్మానుయేలే తడుముకుంటూ పిలిచి పూర్తిచేశాడు. అయిపోయాక, ఎప్పటిలాగే వదులు ముడులు చూసి సరిచేయమని దాన్ని షరీఫా ఇంటికి పంపారు. ఆమె భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువులో ఉంది, గడప దాటదు. వారం తరువాత తీసుకెళ్ళడానికి మజీద్ వచ్చి, వసారాలో తివాచీ పరిచి అంచు మీద చెయ్యి పోనిస్తూ ఏడో పువ్వు దగ్గర ఆగిపోయాడు. తిరగేసి చూశాడు. మూడు ముడులు, సూదితో వేసినవి. కొసలు పక్క ముడుల కిందికి దూర్చి ఉన్నాయి.

"చాచీ," అన్నాడు తెర వైపు చూసి. "కనపడుతోంది."

"కనపడనివ్వండి మజీద్ బాబూ."

మజీద్ తివాచీ తనే చుట్టి, బండిలో వేయించుకుని మద్రాసు పార్సెలు కట్టించడానికి వెళ్ళిపోయాడు. వసారా గుంజకు గుచ్చిన సూదిలో బెత్తెడు ఆకుపచ్చ ఉన్ని ఇంకా మిగిలి ఉంది.