కళ్ళు గీసే మునిరత్నం

చనిపోయిన మనిషికి రెండో కన్ను గీస్తున్నాడు మునిరత్నం. కుప్పం దగ్గర పల్లెలో ఒక ముసలాయన ఒక్క మంచి ఫోటో కూడా దిగకుండా పోయాడు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసి, ఆ ఫోటోలో మూసిన రెప్పల మీద సన్నకుంచెతో కళ్ళు తెరిపించడం ఈ చుట్టుపక్కల అతనొక్కడికే వచ్చు. సెల్‌ఫోన్లు పుంగనూరులో అతని స్టూడియోను పడుకోబెట్టినా ఈ పని మాత్రం మిగిలింది.

అతనికి ఇంకో పిచ్చి కూడా ఉంది. ఊళ్ళు తిరిగి ఎవరూ పట్టించుకోనివన్నీ ఫోటోలు తీస్తాడు. మదనపల్లె టమాటా మార్కెట్టులో హమాలీల వీపులు ఆని ఆని నున్నబడిన గోడ, తలుపు పోయి తాళం మాత్రం వేలాడే గడియ, బోరింగు పిడికి ఎవరో చుట్టిన చీరపేలిక. వాటిని చూసే నాథుడు లేడు. జనం నవ్వితే తనూ నవ్వేవాడు.

ఇన్ని తీసినవాడి ఇంట్లో భార్య అంజమ్మ ముఖం కనిపించే ఫోటో ఒక్కటి లేదు. పెళ్ళి ఫోటోలో తల వంచుకుంది. ఆధార్ కార్డులో ఉన్నది మనిషో మసిమరకో తెలియదు. కెమెరా ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. "నీ చేతి ఫోటో సచ్చినోళ్ళకేనప్పా. నేనింకా బతికే ఉండాను" అనేది. బతిమాలాడు, అలిగాడు, చివరికి వదిలేశాడు.

ఈ ఏడు ఆమె గుండె బలహీనపడింది. ఆ ఉదయం రంగు ఆరిన పటాన్ని అతను సంచిలో పెట్టుకుంటుంటే తనంతట తనే అడిగింది.

"సాయంత్రం బిరీన రా. పట్టుచీర కట్టుకోని కూసుంటా. తీసుకో ఒగటి."

మునిరత్నం పొద్దు వాలేలోగా వస్తానని మాటిచ్చి బస్సెక్కాడు.

కుప్పంలో ముసలాయన కొడుకు మారప్ప పటం చూసి, నాయన తననే చూస్తున్నాడని ఏడ్చాడు. తిరిగి బస్టాండుకు వస్తుంటే టీ అంగడి ముందు బల్లగా వేసిన గ్రానైట్ రాయి కనిపించింది. ఎవరో సమాధి కోసం చెక్కించి వదిలేసిన రాయి. జననం, మరణం అని చెక్కి ఉంది గానీ తేదీలు లేవు, పేరు లేదు. నలుగురు దాని మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఫోటో కోసం వాళ్ళు లేచేదాకా, ఎండ వాలి అక్షరాల్లో నీడ పడేదాకా ఆగాడు. ఇంటి దారి పట్టాల్సిన పలమనేరు బస్సు కళ్ళ ముందే కదిలిపోయింది. ఇంకోటి వస్తుందిలే అనుకున్నాడు. అది వచ్చేసరికి పొద్దు వాలిపోయింది.

పుంగనూరు చేరేసరికి స్టూడియో ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. పక్క కొట్టులో బట్టలు కుట్టే నూరున్నీసా ఎదురొచ్చింది. అంజమ్మ మధ్యాహ్నమే తయారై స్టూడియో కుర్చీలో కూర్చుందట. కుచ్చిళ్ళు నూరున్నీసానే సర్దిందట. రోడ్డు వైపు చూసీ చూసీ కళ్ళు మూసుకుంటే, కునుకు పట్టిందనుకున్నారట.

"ఫోటోలో నవ్వచ్చునా అని అడిగిందన్నా నన్ను. నవ్వమని చెప్పినా" అంది.

మదనపల్లె నుంచి కూతురు వసుధ వచ్చింది. ఏడ్చి ఏడ్చి, అమ్మ కుర్చీలోనే ఉంది కదా, ఫోటో తీసి కళ్ళు గీయమని నాయనను అడిగింది. మునిరత్నం కెమెరాలోంచి చూశాడు. అంజమ్మ పెదవి చివర కాస్త నవ్వు ఉంది. పైన రెప్పలు మూసి ఉన్నాయి. ఎవరికి గీయాలన్నా, ఆ కళ్ళెట్లుండేవని ఇంటివాళ్ళను అడిగి గీసేవాడు. ఇప్పుడు తనే ఇంటివాడు. అవి నలుపో, తేనెరంగో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

"నా సేత గాదమ్మా" అన్నాడు కూతురితో. "మీయమ్మ కండ్లు నేనెప్పుడూ సరింగా సూడలే."

అంజమ్మను కుర్చీలోంచి చాప మీదికి దించారు. స్టూడియో అద్దం ముందు పౌడరు డబ్బా మూత తీసే ఉంది, దాని నల్లటి అంచు మీద తెల్లగా ఆమె వేళ్ళ గుర్తులు.