ఉక్కు నెగ్గిన రోజు

తూటాల కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా తనిఖీ చేస్తున్న పెద్దాయనను అందరూ ఇత్తడి మామ అనేవారు. ఎవరు కదిలించినా ఆయనది ఒకటే పాట. "కాల్చినప్పుడు తూటా గొట్టం ఉబ్బుతుంది. ఇత్తడిదైతే చటుక్కున సర్దుకుని బయటికొచ్చేస్తుంది. ఉక్కుది అలిగిన కొత్తల్లుడే, తుపాకీ లోపల బిగుసుకుందంటే ఎంత బతిమాలినా కదలదు."

డైరెక్టరు చెవికెక్కితేగా! ఉక్కు చవక, ఆయన తర్కం అంతే. "తుప్పు పట్టకుండా పచ్చ వార్నిష్ పూయిస్తున్నాం కదయ్యా, ఇంకేం నీ గోల?" అని కొట్టిపారేసి, పెద్ద అధికారి ముందు ఉక్కు తూటాలకు పరీక్ష పెట్టించాడు. కాల్చేది ఎవరనుకున్నారు? సైన్యంలో ఉన్న మామ మేనల్లుడు. వాడే కూతురి మొగుడు కూడా.

కిందటి నెలే ఉక్కు గొట్టం ఇరుక్కుంటే, పీకబోయి ఒకడు వేలు పోగొట్టుకున్నాడు. పరీక్ష పెట్టెకు సీలు వేసేది మామే. ముందురోజు అందరూ భోజనాలకు వెళ్లగానే ఇత్తడి తూటాలకు అదే పచ్చ వార్నిష్ పూసి, పెట్టెలో సర్ది సీలేశాడు. ముందు పిల్లాడి చేతులు దక్కనీ, ఉక్కు సంగతి తరవాత చూద్దాం అనుకున్నాడు.

అల్లుడు రెండొందల తూటాలు కాల్చాడు. ఒక్కటి ఇరుక్కుంటే ఒట్టు! అధికారి మురిసిపోయాడు.

"భేష్! ఇక అన్నీ ఉక్కువే. వచ్చే వారం సరిహద్దుకు వెళ్తున్నారుగా, మొదటి లారీ ఈ అబ్బాయి దళానికే పంపండి."

మామకు అప్పుడు తెలిసొచ్చింది. ఉక్కును గెలిపించింది తనే! ఉద్యోగం పోతే పోయిందని ముందుకొచ్చి, జేబులోంచి అయస్కాంతం తీసి, కాల్చిన గొట్టానికి ఆనించాడు.

"చూడండి సార్, అంటుకోవట్లేదు. ఇవి ఇత్తడివి. మార్చింది నేనే."

డైరెక్టరు ముఖం పాలిపోయింది. అయినా ఘటికుడు, తేరుకున్నాడు. "మేలు రకం ఉక్కు సార్, అయస్కాంతానికి కూడా లొంగదు. పెద్దాయన పాపం ఇత్తడి మీద బెంగ పెట్టుకున్నాడు."

"ఔరా!" అని అధికారి మళ్లీ చప్పట్లు కొట్టాడు.

ఉక్కు తూటాలు పరీక్షలో నెగ్గాయని రాసిన కాగితం మీద మామ సంతకం చేయనన్నాడు. అయితే ఏం, ఆయన కుర్చీలో ఇంకొకడిని కూర్చోబెట్టి చేయించారు.

అల్లుడు బయల్దేరే పొద్దున మామ బస్టాండుకు పరిగెత్తాడు. చేతిలో తను స్వయంగా సాన పట్టిన పొడుగాటి ఇత్తడి చువ్వ.

"ఒరేయ్, గొట్టం ఇరుక్కుంటే వేళ్లు పెట్టకు. తుపాకీ మూతిలోంచి దీంతో పొడు, ఊడొస్తుంది. నువ్వు కాల్చినవి ఉక్కువి కావురా, నా మాట నమ్ము!"

"అబ్బ, మళ్లీ మొదలెట్టావా!" అల్లుడు ప్రేమగా మామ భుజం తట్టాడు. "రెండొందలు నా చేతుల్తో కాల్చాను మామయ్యా. ఒక్కటైనా ఇరుక్కుందా చెప్పు?"

చువ్వను మామ చేతిలోనే పెట్టి, నవ్వుతూ బస్సెక్కాడు.